కొంగల ఊరు - బొమ్మల ఊరు

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠ్యాంశం యాత్రావ్యాస ప్రక్రియకు చెందినది. చూచిన ప్రదేశాలను వర్ణించడంతోపాటు అక్కడి ప్రకృతిని, ప్రజల జీవనాన్ని, కళలను పాఠకునికి పరిచయం చేయడం యాత్రావ్యాస లక్షణం. అనంతపురం పీఠభూమిలోని వీరాపురం, లేపాక్షి, నిమ్మలకుంట గ్రామాలలో ఒక్క పగటివేళ సాగే యాత్ర ఇందులోని వస్తువు. కరవుసీమలో పక్షిజాతికి, ప్రాచీనకళకు ఆశ్రయమిచ్చిన సామాన్యజనుల ఔదార్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విదేశయాత్ర అనగానే మనస్సులో సాధారణంగా రెండు కోరికలు మెదులుతాయి. ఆఫ్రికాఖండపు పచ్చికబయళ్ళలో స్వేచ్ఛగా తిరుగాడే వన్యప్రాణులను కన్నులారా చూడాలన్నది మొదటిది. ఆ దేశపు పనివారు స్వహస్తాలతో మలచిన కళాఖండాన్ని ఒకదానిని జ్ఞాపికగా ఇంటికి తెచ్చుకోవాలన్నది రెండవది. ఈ రెండు కోరికలను తీర్చుకోవడానికి మనవారు వేలమైళ్ళు ప్రయాణం చేస్తారు. అది తప్పు కాదు. అయితే ఆ రెండూ ఒక్కరోజులోనే తీరే చోటు మన తెలుగునాటనే, అందులోనూ కరవుసీమగా పేరుపడిన అనంతపురం ప్రాంతంలో ఉన్నదంటే చాలామంది నమ్మరు. నమ్మకపోవడానికి కారణం ఆ నేలను గూర్చి మనకు కరవు తప్ప మరొకటి తెలియకపోవడమే.

అనంతపురం ప్రాంతం దక్కన్ పీఠభూమిలో వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి ఋతుపవనాలు తెచ్చే మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరాన్ని తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఇరువైపుల నుండి వచ్చే వానలు ఇక్కడికి చేరకముందే అలసిపోతాయన్నమాట. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతం గల జిల్లాగా అనంతపురాన్ని పేర్కొనడం పరిపాటి. ఎర్రనేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, వేరుశనగ చేలు, అక్కడక్కడ పూర్వులు త్రవ్వించిన చెరువులు - ఇదీ ఈ సీమ స్వరూపం. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి ప్రాంతాలు పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో చేరాయి. ఈ పాఠంలో వచ్చే మూడు గ్రామాలూ ఇప్పుడు ఆ జిల్లాలోనివే.

ఉదయం: వీరాపురం

హిందూపురానికి తూర్పువైపున చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే చిన్న గ్రామం ఉన్నది. మాఘ ఫాల్గుణ మాసాలలో సూర్యోదయవేళకు ఆ ఊరు చేరిన యాత్రికుని ముందుగా పలుకరించేది కోడికూత కాదు, కొంగపిల్లల గోల. ఊరి చింతచెట్ల కొమ్మకొమ్మకూ గూళ్ళు. గూటిగూటిలోనూ నోళ్ళు తెరచి మేతకై అరచే పిల్లలు. అడవిలో కాదు, అభయారణ్యంలో కాదు, ఇండ్ల నడుమ, ఎద్దులను కట్టివేసే చోట, పిల్లలు ఆడుకునే చోట ఈ పక్షులు కాపురం చేస్తాయి.

వీటిని మనవారు ఎర్రకాళ్ళ కొంగలంటారు. దాదాపు మూడడుగుల పొడవున నిలిచే పెద్దపక్షి ఇది. రెక్కలు విప్పితే ఈ కొస నుండి ఆ కొసకు ఐదడుగుల వరకు ఉంటుంది. తెల్లని దేహం, ఎదపై నల్లని పట్టీ, నల్లని రెక్కలపై తెల్లని గీతలు, కొసన కొద్దిగా క్రిందికి వంగిన పొడవైన పసుపుపచ్చని ముక్కు, ఈకలు లేని నారింజఎరుపు ముఖం దీని గుర్తులు. తోక దగ్గర వ్రేలాడే గులాబిరంగు ఈకలు దీనికి ప్రత్యేకశోభను కూర్చుతాయి. కుంచెతో రంగు పూసినట్లుండే ఆ ఈకల మూలంగానే ఆంగ్లంలో దీనికి 'రంగులు వేసిన కొంగ' అన్న అర్థం వచ్చే పేరు ఏర్పడింది. ఆడ, మగ పక్షులు చూపునకు ఒక్కతీరుగానే ఉంటాయి. మగది కొంచెం పెద్దది.

ఈ పక్షి వేటాడే పద్ధతి విచిత్రమైనది. లోతులేని నీటిలో నిలిచి, సగం తెరచిన ముక్కును ముంచి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప ముక్కుకు తాకిన క్షణంలో పట్టుకుంటుంది. అంటే ఇది కంటితో కాక స్పర్శతో వేటాడుతుంది. బురదనీటిలో కూడ దీని వేట సాగడానికి ఇదే కారణం. పెద్దపక్షులకు కూత దాదాపు లేదు. ముక్కులను టకటకలాడించి తమ భావాలను తెలుపుకుంటాయి. అరుపులన్నీ పిల్లలవే.

ఒక్కొక్క గూటిలో రెండు మొదలు ఐదు వరకు గ్రుడ్లు ఉంటాయి. తల్లిదండ్రులు రెండూ వంతులవారీగా నెలరోజులు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి మరి రెండు నెలలు పడుతుంది. ఈలోగా ఎండలు ముదురుతాయి. అప్పుడు చూడదగిన దృశ్యం ఒకటి ఉన్నది. నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతూ ఉంటే, పెద్దపక్షి గూటి అంచున నిలిచి రెండు రెక్కలనూ గొడుగులా విప్పి పిల్లలకు నీడ పడుతుంది. తన వీపు మాడుతున్నా కదలదు. చెరువు నుండి మ్రింగి తెచ్చిన నీటిని పిల్లల నోళ్ళలోనూ మేనిపైనా వెలిగ్రక్కి వాటి తాపాన్ని తీరుస్తుంది. అనంతపురపు ఎండ ఎటువంటిదో తెలిసినవారికి ఆ పక్షి చేసే తపస్సు విలువ తెలుస్తుంది.

వీరాపురంవారు ఈ కొంగలను పుట్టింటికి కాన్పునకు వచ్చిన ఆడబిడ్డలవలె చూచుకుంటారు. అవి ఉన్నన్నాళ్ళు పెద్దచప్పుళ్ళు చేయరు, రాయి విసరరు, గూడున్న కొమ్మ నరకరు. చెట్టు యజమానికి కాయలు కోసుకునే వీలు తగ్గినా, వాకిలి రెట్టతో నిండినా సహిస్తారు. వచ్చినవారు కూడ ఆ మర్యాదను పాటించవలసి ఉంటుంది. చెట్టు క్రింద కేకలు వేయడం, పిల్లలను చూడాలని చెట్టెక్కడం తగదు. బెదరిన పెద్దపక్షి గూడు వదలి పోతే, ఎండలో కొద్దిసేపటికే పిల్లలు ప్రాణాలు కోల్పోతాయి.

ఈ కొంగలు సైబీరియా నుండి వస్తాయని ఆ ప్రాంతంలోను, పత్రికలలోను తరచు వినవస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని అంగీకరించరు. ఎర్రకాళ్ళ కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలకు చెందిన పక్షి. ఇది ఖండాంతరాలు దాటదు. మన దేశంలోనే నీరున్న చోటునుండి నీరున్న చోటికి తరలుతుంది. సైబీరియా నుండి వచ్చేది వేరొక జాతి. సైబీరియా కొక్కెరలనే ఆ తెల్లని పక్షులు పూర్వం రాజస్థాన్‌లోని భరత్‌పూరుకు శీతకాలంలో వచ్చేవి. 2002 తరువాత అక్కడికి రావడం మానుకున్నాయి. దూరదేశపు అతిథి అన్న పేరు కొంగకు గౌరవం పెంచవచ్చును. కాని అది మన దేశపు పక్షియే అని తెలిసినప్పుడు, దానిని కాపాడవలసిన బాధ్యత మరెవరిదో కాదని కూడ తెలుస్తుంది.

కొంగలు వచ్చిన ఏడు వానలు బాగా కురిసి పంటలు పండుతాయని గ్రామస్థుల విశ్వాసం. ఈ విశ్వాసంలో ఒక సత్యం దాగి ఉన్నది. అయితే అది తలక్రిందులుగా ఉన్నది. కొంగ వానను తీసుకురాదు. వాన కురిసి చెరువు నిండిన చోటికే కొంగ వస్తుంది. శరత్కాలపు వానలకు చెరువులు నిండితే పుష్యమాసం నాటికి పక్షులు దిగుతాయి. వేసవి చివరి వరకు చెరువులో నీరు నిలిస్తే పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోతాయి. నడుమనే చెరువు ఎండితే చేపలు దొరకక, వడగాలికి తాళలేక పిల్లలు గూళ్ళనుండి రాలిపోతాయి. అందువల్ల కొంగల రాకను శకునంగా కాక, చెరువు ఆరోగ్యానికి కొలమానంగా భావించడం సముచితం. పూడిక తీయని చెరువు, గట్టు తెగిన చెరువు, వాగు మూసుకుపోయిన చెరువు రైతుకూ పనికిరాదు, కొంగకూ పనికిరాదు.

ఇటువంటి మైత్రి మరికొన్ని చోట్ల కూడ కానవస్తుంది. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు ఊరి చెట్లపైనే గూళ్ళు కట్టుకుంటాయి. అక్కడి రైతులు చెట్ల క్రింద చేరిన రెట్టను పొలాలకు ఎరువుగా వాడుకుంటారు. గుంటూరు చేరువలోని ఉప్పలపాడు చెరువు కూడ పక్షులకు ప్రసిద్ధి పొందినదే.

మధ్యాహ్నం: లేపాక్షి

వీరాపురానికి చేరువలోనే లేపాక్షి ఉన్నది. సీతను అపహరించుకొనిపోతున్న రావణుని ఎదిరించి, రెక్కలు తెగి జటాయువు ఇక్కడ పడ్డాడని, శ్రీరాముడు జాలితో 'లే పక్షీ' అన్నాడని, దానినుండి ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. ఉదయమంతా పక్షులను చూచి వచ్చినవారికి ఈ కథ క్రొత్తగా వినిపిస్తుంది. ఇచటి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల చేత నిర్మితమైనది. ఏకశిలానందిని, నేలను పూర్తిగా తాకక నిలిచిన స్తంభాన్ని చూచి చాలామంది తిరిగిపోతారు. కాని ఇక్కడ తల యెత్తి చూడవలసినది పైకప్పు. అక్కడి వర్ణచిత్రాలలో ప్రక్కకు తిరిగిన ముఖాలు, విశాలమైన కన్నులు, రకరకాల అంచుల చీరలు, తలపాగలు కనిపిస్తాయి. ఆ ముఖాలను గుర్తుంచుకోవాలి. సాయంకాలం అవి మరల ఎదురవుతాయి.

సాయంకాలం: నిమ్మలకుంట

లేపాక్షి నుండి ఉత్తరదిశగా, పెనుకొండ మీదుగా పోతే పట్టుచీరలకు పేరుగన్న ధర్మవరం వస్తుంది. ఆ మండలంలోనిదే నిమ్మలకుంట. ఇక్కడి కొన్ని కుటుంబాలవారికి తోలుబొమ్మలాట వంశపారంపర్య విద్య. వీరి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతం నుండి వలస వచ్చినవారు. ఇంటిలో మరాఠీ మాండలికం మాట్లాడుకుంటారు. తెరవెనుక మాత్రం చక్కని తెలుగులో పద్యాలు, ద్విపదలు పాడుతారు. పొరుగుభాషను మాతృభాషకన్న మిన్నగా ఆదరించి, దాని కథలను శతాబ్దాలపాటు ఊరూరా మోసిన ఈ కుటుంబాలకు తెలుగుజాతి ఋణపడి ఉన్నది.

తోలుబొమ్మలాట ప్రాచీనమైనది. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లో దీని ప్రస్తావన ఉన్నది. బొమ్మ తయారీ ఓపికతో కూడిన పని. మేకతోలును నీటిలో నానబెట్టి, వెంట్రుకలు తొలగించి, మాంసపు పొర పోయేవరకు గీకుతారు. బాగా సాగదీసి ఎండలో ఆరబెడతారు. అప్పుడది వెలుతురును లోనికి రానిచ్చే పలుచని పొరగా మారుతుంది. దానిపై రూపురేఖలు గీసి, ఉలితో చిన్నచిన్న రంధ్రాలు చేస్తారు. దీపపు వెలుగు వాటినుండి ప్రసరించినప్పుడు అవే హారాలుగా, వడ్డాణాలుగా, కిరీటపు మణులుగా మెరుస్తాయి. పిదప రెండువైపులా రంగులు పూస్తారు. భుజాలు, మోచేతులు, మోకాళ్ళ వద్ద విడివిడి భాగాలను దారంతో ముడివేస్తారు. నడుమ ఒక వెదురుబద్దను, చేతులకు పుల్లలను అమర్చుతారు. తెలుగువారి తోలుబొమ్మలు దేశంలోని ఇతరప్రాంతాల బొమ్మలకన్న పెద్దవి. నాలుగైదు అడుగుల బొమ్మలు సామాన్యం. పదితలల రావణునికి ఒక తోలు చాలదు. కొన్ని తోళ్ళను కలిపి కుట్టవలసి ఉంటుంది.

పూర్వం రామలక్ష్మణులవంటి ఉదాత్తపాత్రల బొమ్మలకు జింకతోలును వాడేవారు. అది పలుచగా, గట్టిగా ఉండి రంగును చక్కగా పట్టేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. జింకను వేటాడడం, దాని చర్మాన్ని వాడడం నేరమైనాయి. కళాకారులు మేకతోలుకు మారారు. రాముడు మేకతోలులో కూడ రాముడుగానే నిలిచాడు. వన్యప్రాణి కోసం ఒక కళ తన ముడిపదార్థాన్ని మార్చుకొని కూడ బ్రతుకగలదని ఈ గ్రామం నిరూపించింది. ఉదయం చూచిన కొంగలకు, సాయంకాలం చూచిన బొమ్మలకు మధ్య ఉన్న బంధుత్వం ఇక్కడ బోధపడుతుంది. రెండుచోట్లా మనిషి తన సౌకర్యంలో కొంత వదులుకున్నాడు.

చీకటిపడగానే ఆట మొదలవుతుంది. తెల్లని పంచెలు కలిపి తెరగా కడతారు. వెనుక పూర్వం ఆముదపు దీపాలు వెలిగేవి. ఇప్పుడు విద్యుద్దీపాలు వచ్చాయి. హార్మోనియం, మృదంగం, తాళాలు, గజ్జెలు పలుకుతాయి. యుద్ధఘట్టంలో బొమ్మలాడించేవారు కాలిక్రింది చెక్కలను దడదడ త్రొక్కుతారు. స్త్రీపాత్రలకు స్త్రీలే గొంతు ఇస్తారు. కథ బరువెక్కినప్పుడల్లా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. తెరపై నిలిచిన సీత ముఖాన్ని చూచినప్పుడు మధ్యాహ్నం లేపాక్షి పైకప్పున చూచిన ముఖాలు గుర్తుకు వస్తాయి. అదే ప్రక్కచూపు, అదే విశాలనేత్రం. ఆ చిత్రాల ప్రభావం ఈ బొమ్మలపై ఉన్నదని కళాచరిత్రకారులు భావిస్తారు.

కరవుసీమలో ఈ ఆటకు వినోదాన్ని మించిన ప్రయోజనం ఉండేది. విరాటపర్వం చదివినా, ఆడించినా వానలు కురుస్తాయని తెలుగునాట అనాదిగా నమ్మకం. వాన ముఖం చాటేసిన ఏడు గ్రామాలవారు చందాలు పోగుచేసి బొమ్మలాటవారిని పిలిపించేవారు. వాన వచ్చినా రాకున్నా ఆ రాత్రులు ఊరంతా ఒక్కచోట కూర్చునేది. కష్టాన్ని నలుగురితో పంచుకునేది.

కాలం మారింది. సినిమా, దూరదర్శన్, ఆపై చేతిలోని ఫోను రాత్రంతా కూర్చునే ఓపికను హరించాయి. నిమ్మలకుంట కళాకారులు బ్రతుకుతెరువుకై అదే తోలుతో దీపపు గొడుగులు, గోడచిత్రాలు, తలుపుతెరలు చేయనారంభించారు. నగరాలలోను విదేశాలలోను వాటికి ఆదరణ లభించింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో భారతప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. ఇది గర్వించదగిన విషయం. కాని ఇందులో ఒక వెలితి కూడ ఉన్నది. దీపపు గొడుగుపై రాముడు ఉంటాడు, కాని మాట్లాడడు. ఉలి పట్టడం నేర్చిన యువకులు కనిపిస్తారు. రాత్రంతా పద్యం పాడి బొమ్మను ఆడించగలవారు మాత్రం అరుదవుతున్నారు. చేతిలోని విద్య నిలిచింది, గొంతులోని విద్య జారిపోతున్నది.

ఇండోనేషియాలోని జావాద్వీపంలో కూడ తోలుబొమ్మలాట ఉన్నది. దానిని 'వయాంగ్ కులిత్' అంటారు. 'కులిత్' అనగా తోలు. వారు ఆడించేవి కూడ రామాయణ మహాభారత కథలే. 2003లో యునెస్కో ఆ బొమ్మలాటను మానవజాతి వారసత్వంలోని ఉత్తమకృతులలో ఒకటిగా ప్రకటించింది. అక్కడికి పోయి టిక్కెట్టు కొని ఆ ఆటను చూచి వచ్చే మనవారు, ధర్మవరం స్టేషనులో రైలు ఆగినప్పుడు, చేరువలోనే అటువంటి ఊరొకటి ఉన్నదని ఎరుగరు.

యాత్ర ముగిసేసరికి అర్ధరాత్రి అవుతుంది. కొంగకు కావలసినది నిండిన చెరువు, నరకని చెట్టు. బొమ్మకు కావలసినది వెలిగే దీపం, కూర్చుని వినే ఊరు. వానను పిలవడం మనిషి చేతిలో లేదు. చెరువు పూడిక తీయడం, చెట్టును ఉంచడం, ఒక రాత్రి కూర్చుని వినడం మాత్రం అతని చేతిలోనే ఉన్నాయి. ఎక్కువ కలిగినవారు కాదు, తక్కువ కలిగినవారే ఇన్నాళ్ళు ఈ రెంటినీ కాపాడినారు. ఇకముందు ఆ భారాన్ని వారికే వదలివేయడం న్యాయం కాదు.

కఠిన పదాలు - అర్థాలు

వర్షచ్ఛాయ = కొండల అడ్డు వల్ల వాన తక్కువగా కురిసే ప్రాంతం
పరిపాటి = అలవాటు, వాడుక
జ్ఞాపిక = గుర్తుగా ఉంచుకునే వస్తువు
వెలిగ్రక్కు = కడుపులోనిదాన్ని నోటిద్వారా బయటికి తెచ్చు
కొలమానం = కొలిచే సాధనం
స్థలపురాణం = ఒక క్షేత్రాన్ని గూర్చి పరంపరగా వచ్చిన కథ
ఉదాత్తపాత్ర = ఉత్తమగుణాలు గల పాత్ర
వెలితి = లోటు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఎర్రకాళ్ళ కొంగల జీవనవిధానాన్ని, వీరాపురం గ్రామస్థులకు వాటితో గల అనుబంధాన్ని వివరించండి.
2. తోలుబొమ్మల తయారీని, ప్రదర్శనను వర్ణించి, ఆ కళ నేడు ఎదుర్కొంటున్న స్థితిని చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 8 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. అనంతపురం ప్రాంతంలో వర్షపాతం తక్కువగా ఉండడానికి కారణాలేవి?
2. 'ఈ విశ్వాసంలో ఒక సత్యం దాగి ఉన్నది. అయితే అది తలక్రిందులుగా ఉన్నది' - ఈ వాక్యాల అంతరార్థం తెలపండి.
3. 1972 నాటి చట్టం తోలుబొమ్మల తయారీలో తెచ్చిన మార్పును వివరించండి.
4. మీ ప్రాంతంలో కాపాడుకోవలసిన ఒక చెరువును గాని, ఒక హస్తకళను గాని పరిచయం చేయండి.

III. సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం - గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం - యణాదేశసంధి
వీరభద్రాలయం = వీరభద్ర + ఆలయం - సవర్ణదీర్ఘసంధి

IV. సమాసాలు
తోలుబొమ్మ = తోలుతో చేయబడిన బొమ్మ - తృతీయా తత్పురుష సమాసం
రామలక్ష్మణులు = రాముడును, లక్ష్మణుడును - ద్వంద్వ సమాసం
పదితలలు = పది సంఖ్య గల తలలు - ద్విగు సమాసం
విశాలనేత్రం = విశాలమైన నేత్రం - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం